కాలువ గట్టు మీద నాలుగు గదులు

ఏప్రిల్ నెల సగమయ్యేసరికి మా కాలువ కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువ తలుపులు దించాక, కోనసీమలో ఈ రాజోలు వైపు నీళ్లు లాగడానికి కొన్ని రోజులు పడుతుంది. ముందు రేవు మెట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. తరవాత గట్టు అంచున పట్టిన నాచు. ఆ తరవాత అడుగు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1971లో. అప్పట్నుంచీ ఏటా ఆ అడుగు చూస్తూనే ఉన్నాను.

మా రోజుల్లో కాలువ కట్టేస్తే పిల్లలకు పండగ. గుంటల్లో మిగిలిన నీళ్లలో మోకాళ్ల లోతు బురద తొక్కుతూ మట్టగిడసలు, జెల్లలు పట్టేవారు. పెద్దవాళ్లు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని తట్టల్లో మోయించి కొబ్బరిచెట్ల పాదుల్లో పోయించేవారు. ఆ మట్టి పడ్డ చెట్టు కాపు చూసే చెప్పొచ్చు. ఈ ఏడు నేను చేతికర్ర పట్టుకుని రేవులో నిలబడి చూస్తే కనిపించినవి నీళ్ల సీసాలు, షాంపూ పొట్లాలు, పసిపిల్లల డైపర్లు. వీటన్నిటికంటే ఎక్కువ బాధపెట్టినవి గట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన గొట్టాలు. కాలువ నిండుగా ఉన్నప్పుడు అవి నీళ్ల కింద ఉంటాయి, ఎవరికీ కనపడవు. నీళ్లు తీసేశాక కనపడతాయి. నాలుగంగుళాల పీవీసీ గొట్టం, దాని మూతి కింద నల్లగా పేరుకున్న మడ్డి. అందులో ఒకటి మాకు ఎగువన ఈమధ్యే కట్టిన ఒక లాడ్జీది. దాని గేటు మీద పచ్చ అక్షరాలతో ‘ప్రకృతి ఒడిలో’ అని రాసుంది.

కాలువ కట్టే ముందు ఈ నీళ్లతోనే ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపుతారు. మళ్లీ జూన్‌లో కాలువ వదిలేదాకా జనం తాగేది ఆ చెరువు నీళ్లే. అంటే ఎగువన గదిలో దిగిన చుట్టం పొద్దున్నే తొట్టి గొలుసు లాగి వదిలిన నీళ్లు దిగువ ఊరి బిందెలోకి చేరుతున్నాయి. ఇంతకంటే పెద్ద తప్పు బస నడిపేవాడు ఇంకోటి చేయలేడని నా నమ్మకం. మిగతావన్నీ దీని తరవాతే.

మా లంకకు ఈ నీళ్లు తేరగా రాలేదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద అక్విడెక్టు కట్టి, కింద నది పారుతుంటే పైన కాలువను దాటించి ఇటు తెచ్చారు. కాటన్ దొర కాలంనాటి ఆ పాత కట్టడానికి 49 కమానులు. ఇప్పుడు నీళ్లు దాని పక్కన కట్టిన కొత్తదాని మీంచి వస్తున్నాయి. ఆ కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఊరు లంకల గన్నవరం, అక్కడికి దగ్గరే. వేళ కాని వేళ తలుపు తట్టినవాళ్లకు కూడా పొయ్యి రాజేసి వండిపెట్టిన తల్లి, 1909లో కన్నుమూశారు. అతిథికి అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న ఆవిడ పేరు మోస్తున్న వంతెన దాటి వచ్చే నీళ్లలోకి ఇవాళ అతిథుల మరుగునీళ్లు వదులుతున్నాం. నాకు నిద్ర పట్టనివ్వని మాట ఇదే.

ఇప్పుడు మేం బస నడిపే ఈ ఇంటికి మా అత్తగారి కాలంలో బోర్డు లేదు. మండువా లోగిలి, ముందు రెండు అరుగులు, వీధివైపు రెండు గదులు, పెరటివైపు రెండు గదులు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి పోయేవాళ్లు రాత్రికి ఆగేవారు. కొబ్బరికాయల బేరానికి వచ్చే షావుకార్లు, తనిఖీకి వచ్చే ఆఫీసర్లు, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరకని మాస్టర్లు నెలకు పదిమందైనా దిగేవారు. మొదట్లో ఎవరు తోచింది వాళ్లు ఇచ్చేవారు. మా మావగారు పోయాక, ఇంటి ఖర్చు మీద పడ్డాక, రోజుకింత అని పుచ్చుకోవడం మొదలుపెట్టాం.

వచ్చే మనిషి తనకు కావలసింది తనే తెచ్చుకునేవాడు. చేతిసంచీలో ఒక పంచె, తువ్వాలు, మరచెంబు. ఆ మరచెంబు ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఇత్తడిది, మూతకు మర ఉంటుంది, తిరగేసినా చుక్క కారదు. రైల్లో నీళ్లు, బస్సులో నీళ్లు, పంటు మీద నీళ్లు అన్నీ దాన్లోనే. మా ఇంటికి రాగానే దాన్ని తోమించి, మా కుండలో నీళ్లు నింపి, తలగడ పక్కన పెట్టుకునేవారు. పదిహేనేళ్లు ఒకే మరచెంబుతో వచ్చిన షావుకారు నాకు గుర్తున్నారు. దాని అడుగు సొట్టపడి నేల మీద నిలిచేది కాదు, గోడకు ఆనించేవారు. ఆ పదిహేనేళ్లలో ఆయన మా ఇంట్లో వదిలిన చెత్త ఏమిటంటే పంటిపుల్ల, విస్తరాకు. రెండూ పెంటపోగులో కలిసిపోయాయి.

వరద రోజుల్లో కాలువ నీరు ఎర్రగా, చిక్కటి టీలాగా ఉండేది. బిందెలు తెచ్చి గోలెంలో పోసి, గోలెం లోపలి గోడకు ఇండుపగింజ అరగదీసి కలిపేవాళ్లం. రాత్రికి మట్టి అడుగుకు దిగేది. పొద్దున్న పైన తేట నీళ్లు కదలకుండా చెంబుతో ముంచి, గుడ్డ కట్టి వడపోసి, వానాకాలంలోనైతే కాచి, కుండలో పోసేవాళ్లం. ఇండుపగింజ మట్టిని దించుతుంది గానీ రోగాన్ని చంపదు. కాచడం ఎందుకో మా అత్తగారికి తెలుసు, ఆవిడ బతుకులో కలరా చూసింది.

ఇప్పుడు ప్రతి గదిలో రెండేసి లీటరు సీసాలు పెట్టకపోతే మర్యాద తక్కువ అంటారు. 2022 జులై 1న ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మాకోల్ ఇలాంటివి కొన్ని మన దేశంలో నిషేధించారు. మంచిపని. నీళ్ల సీసా మాత్రం ఆ జాబితాలో లేదు, షాంపూ పొట్లమూ లేదు. బసల్లో రోజూ పోగుపడేవి సరిగ్గా ఆ రెండే.

మొన్న సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడటానికి వచ్చినవాళ్లతో మా గదులన్నీ నిండాయి. మంచి మనుషులే. పిల్లల చేత నా కాళ్లకు దండం పెట్టించారు. నాలుగో రోజు వాళ్లు వెళ్లాక గదులు ఊడిస్తే రెండు గోనెసంచుల సీసాలు వచ్చాయి, మేం ఒక్కటీ ఇవ్వకపోయినా. సగం సీసాల్లో సగం నీళ్లు అలాగే ఉన్నాయి. నేనూ నా కోడలూ అరుగు మీద కూచుని ఒక్కొక్క మూత విప్పి ఆ నీళ్లు గాబులో వంపాం. సాయంత్రం దాకా అదే పని. “అత్తయ్యగారూ, నడుం పట్టేస్తుంది, మీరు లేవండి” అని అమ్మాయి పోరుతూనే ఉంది. లేవబుద్ధి కాలేదు. ఆ నీళ్లు ఎక్కడో నేలలోంచి తోడినవి, సీసా ఎక్కడో మిల్లులో పోసింది, లారీ ఎక్కి ఇంతదూరం వచ్చింది. వాళ్లు పడుకున్న గది బయట వరండాలో నీళ్ల కుండ మూత పెట్టి ఉంది, గ్లాసు బోర్లించి ఉంది.

స్నానం సంగతి చెబుతాను. పెరట్లో మూడు రాళ్ల మీద రాగి కాగు. కింద కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, చిప్పలు. కోనసీమలో వంటచెరకు కొనవలసిన పనే లేదు, చెట్టు తనంతట తాను రాలుస్తుంది. నాలుగింటికి కాగు కింద మంట వేస్తే ఎనిమిదింటిదాకా అందరి స్నానాలూ అయ్యేవి. మనిషికి ఒక బకెట్ వేణ్ణీళ్లు, రెండో బకెట్ చన్నీళ్లు, కలుపుకోవడానికి ఒక ఇత్తడి చెంబు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. ఆ నీళ్లు కాలవలా పారి అరటిబోదెల్లోకి, చామదుంపల మడిలోకి పోయేవి. పొయ్యిలో బూడిద, కొబ్బరిపీచు కలిపి గిన్నెలు తోమేవాళ్లం. మిగిలిన బూడిద ఆనపపాదుకు.

ఇప్పుడు షవరు కింద పది నిమిషాలు నిలబడితే వంద లీటర్లు పైనే పోతాయి. బకెట్ స్నానానికి పాతిక లీటర్లు చాలు. లెక్క ఇంతే అయితే నేను ఇంత పోరు పెట్టను. మాది సముద్రానికి దగ్గరి ఇసుక నేల. కింద ఉప్పునీరు, దాని మీద తేలుతూ పల్చటి పొరలా తీపినీరు. మోటారు ఆపకుండా తోడితే ఆ పొర పల్చబడి కిందనుంచి ఉప్పు లేస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు మా పెరటినూతి నీళ్లతో పప్పు ఉడికేది. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి, ఊళ్లో ఇంటింటికీ బోరు వచ్చింది, ఆ నీళ్లు నోట పెట్టలేని ఉప్పు తేలాయి. రాగి చెంబు తెల్లారేసరికి పచ్చగా కిలుము పట్టేది. ఉప్పునీళ్లకు మందని ఆర్వో మిషను పెడతారు. అది ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు బిందెలు పక్కకు పారబోస్తుంది, ఆ నీళ్ల కోసం మళ్లీ మోటారు వేయాలి.

అందుకే ఈ బసలో నేను పట్టుబట్టి చేయించిన మొదటి పని నూతికి వాననీళ్లు మళ్లించడం. పెంకుల చూరు కింద రేకు తొట్టెలు బిగించి, ఇసుక, గులకరాళ్లు పోసిన తొట్టిలోంచి వడకట్టి నూతిలోకి దింపించాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి వంద సెంటీమీటర్ల వాన పడితే తొంభై వేల లీటర్ల పైమాటే. మూడో ఏటికి నూతి నీళ్లలో ఉప్పు తగ్గింది. తాగడానికి ఇంకా పనికిరావు, స్నానానికీ బట్టలకూ భేషుగ్గా ఉన్నాయి. మా అబ్బాయి మొదట “అమ్మా, ఈ డబ్బుతో ఇంకో గదికి ఏసీ వస్తుంది” అన్నాడు. ఇప్పుడు వచ్చినవాళ్లకు వాడే నూతి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తున్నాడు.

ఏసీల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పెంకుటింటికి ఏసీ అక్కర్లేదు. పెంకుల కింద అటక, అటక కింద గది, మధ్యలో మండువా తెరిచి ఉంటే వేడి పైకి పోయేది. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లితే గదంతా చల్లటి వాసన. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళి నాలుగు రోజులుందనగా, తుఫాను వచ్చి ఆ పెంకులు ఎగరగొట్టింది. ఆ రాత్రి ఇల్లు విరిగి ఎంతమంది పోయారో, కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో చూసినవాళ్లలో చాలామంది మళ్లీ పెంకు మాట ఎత్తలేదు. స్లాబు పోయించారు. మేమూ వెనకవైపు రెండు గదులకు స్లాబు పోయించాం. ప్రాణానికి అదే మేలు, ఆ నిర్ణయాన్ని నేను ఈనాటికీ తప్పు పట్టను. స్లాబు మాత్రం పగలు మింగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. ఏసీ కోనసీమలో ఇల్లిల్లూ దూరడానికి కారణం గొప్ప కోసం కొంత, ఈ స్లాబు కొంత.

దానికి నాకు తెలిసిన మందు సున్నం. ఫాల్గుణమాసంలో స్లాబు మీద మూడు పూతలు తెల్లటి సున్నం వేయించి, దాని మీద కొబ్బరాకు దడులతో పందిరి వేయించి, గుమ్మడి, ఆనప తీగలు ఎక్కిస్తాం. కింద గదిలో తేడా అరచెయ్యి గోడకు ఆనిస్తే తెలుస్తుంది. ఆ రెండు గదుల్లో ఏసీలు ఉన్నాయి, లేవని చెప్పను. ఎండాకాలం పసిపిల్లలతో, ముసలివాళ్లతో వచ్చేవాళ్లకు అవసరమే. పద్దెనిమిది డిగ్రీల్లో పెట్టుకుని, రెండు దుప్పట్లు కావాలని అడిగితే మాత్రం ఒళ్లు మండుతుంది. కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లు చెప్పినదాని ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా కలిసివస్తుంది. 2020 నుంచి కొత్తగా తయారయ్యే ఏసీలు ఆన్ చేయగానే ఇరవై నాలుగు డిగ్రీల మీద నిలిచేలా నిబంధన పెట్టారు. మేం గదిలో దోమతెర కట్టి, ఫ్యాను వేసి, ఏసీ ఇరవై ఆరులో పెట్టి ఇస్తాం. దోమతెర చూసి మొహం చిట్లించినవాళ్లు కూడా తెల్లారి బాగా నిద్రపట్టిందంటారు.

మా రోజులన్నీ మంచివని నేను అనను. అప్పట్లో మా ఇంట్లో దిగినవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు చెంబు పట్టుకుని చేలగట్ల మీదికి పోయేవారు. ఆడవాళ్లు చీకటిపడేదాకా కడుపు బిగబట్టుకోవలసిందే. వానొస్తే ఆ గట్ల మీదిదంతా కాలువలోకే కొట్టుకొచ్చేది. పొగ పొయ్యి ముందు నా కళ్లు పాడయ్యాయి. ఎవరిని లోపల కూచోబెట్టాలి, ఎవరికి అరుగు మీదే ఆకు వేయాలి అని మా అత్తగారు కులం చూసి తేల్చేవారు. నేను కోడలిగా వడ్డించాను, నోరెత్తలేదు. చేలగట్ల మీదికి పోవడం, కులం చూసి ఆకు వేయడం, ఆ రెండు అలవాట్లూ పోయాయి, పోవలసినవే. మరుగుదొడ్డి రావడం ఆడదానికి ఎంత విడుదలో నాకు తెలుసు. అందుకే ఆ మరుగుదొడ్డి గొట్టాన్ని తీసుకెళ్లి కాలువలో పెట్టేవాణ్ని చూస్తే నాకు అంత కోపం. గట్టు మీద పారబోసే రోజుల నుంచి ఇంత ఖర్చుపెట్టి బయటపడి, గొట్టం వేసి మరీ మళ్లీ అక్కడికే చేరాం.

మా ఇంటికి మూడు అరల సెప్టిక్ ట్యాంకు ఉంది. మాకు నాలుగడుగులు తవ్వితే నీరు పడుతుంది, అందుకని ఇంకుడుగుంట పనికిరాదు. గుంటలో దిగింది దిగినట్టు పక్కింటి చేతిపంపులోకి పోతుంది. అందుకని ఆఖరి అరలోంచి వచ్చే నీళ్లను నేలకు రెండడుగుల ఎత్తున కట్టిన తొట్టెలోకి ఎక్కిస్తాం. అడుగు ఇంకకుండా సిమెంటు చేయించి, కంకర, ఇసుక నింపి, మెట్టతామర, అరటి వేయించాం. ఆ వేళ్లు నీళ్లలోని సారం పీల్చుకుంటాయి. అవతలి కొసన వచ్చే నీళ్లకు వాసన ఉండదు, వాటిని కొబ్బరిచెట్ల పాదుల్లోకే వదులుతాం. కాలువలోకి చుక్క పోనివ్వం. ఇది కట్టించడానికి పెద్ద ఇంజనీరు అక్కర్లేదు, ఓపికున్న మేస్త్రీ చాలు. ఖర్చు ఒక ఏసీ ఖరీదుకు మించింది. ఎర్రగా, పచ్చగా మెట్టతామర పూలు విచ్చుకుంటే వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. అదేమిటో నేను చెబుతాను. చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఈ ఏర్పాటు బతకాలంటే పాయిఖానా కడగడానికి యాసిడ్ పోయకూడదు. యాసిడ్, ఫినాయిల్ అదేపనిగా పోస్తే ట్యాంకులో మడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అప్పుడు ట్యాంకు ఊరికే నిండుతుంది. మా పనమ్మాయి చింతపండు తొక్కు, ఉప్పు, నిమ్మచెక్కలతో రుద్దుతుంది. తెల్లగా మెరవడం లేదని ఒకావిడ ఫిర్యాదు చేసి వెళ్లింది. మెరవకపోతే ఏం, శుభ్రంగా ఉంది. మూడేళ్లకోసారి ట్యాంకు తోడించినప్పుడు మా అబ్బాయి స్కూటరు మీద ఆ బండి వెనకే వెళ్లి ఎక్కడ పోస్తున్నారో చూసి వస్తాడు. ఒకసారి రాత్రిపూట కాలువ వంతెన దగ్గర బండి ఆపబోతే, వీడు ఎదురు నిలబడి ఆపి, మా కొబ్బరితోటలో గుంట తీయించి పోయించి, మట్టి కప్పించాడు. ఇంత పని ఎవరు చేస్తారని బండివాడు విసుక్కున్నాడట. చేయాలి. గది అద్దెకిచ్చి డబ్బు పుచ్చుకున్నాం కాబట్టి ఆ గదిలోంచి బయటికి పోయే ప్రతిదీ ఎక్కడ ఆగుతుందో చూడవలసిన బాధ్యత మాదే.

తిండి విషయంలో మా ఇంటి పద్ధతి పెద్దగా మారలేదు. ముందురోజు సాయంత్రమే గది గదికీ వెళ్లి రేపు భోజనానికి ఎంతమంది అని అడుగుతాం. దాన్నిబట్టే ఎసట్లోకి బియ్యం. బఫే పెట్టమని మా అబ్బాయికి స్నేహితులు సలహా చెప్పారు. ఒక పెళ్లిలో బఫే బల్లల వెనక డ్రమ్ముల్లో పోసిన అన్నం చూశాక ఆ మాట మా ఇంట్లో ఎత్తొద్దన్నాను. అరిటాకు వేసి, పక్కన నిలబడి మారు వడ్డిస్తాం. పెరట్లో ఏది ఉంటే అదే కూర. కందా బచ్చలీ, పనసపొట్టు, అరటిదవ్వ పెరుగుపచ్చడి, చింతచిగురు వచ్చినప్పుడు చిన్నరొయ్యలతో. మార్గశిరంలో మామిడికాయ పప్పు అడిగితే లేదంటాం. వెనక నాలుగు గేదెలుండేవి, కడుగు నీళ్లూ మిగిలిన అన్నమూ కుడితి తొట్టిలోకి పోయేవి. ఆకులు కూడా అవే తినేవి. పేడతో గోబర్ గ్యాస్ పొయ్యి కూడా నడిపాం, నాలుగైదు పశువులుంటే ఇంటి వంటకు సరిపడా గ్యాసు వచ్చేది. ఇప్పుడు ఒక్క ఆవే మిగిలింది, దాని పేడ ఎరువుకే చాలదు. ఆ గోబర్ గ్యాస్ డ్రమ్ము తుప్పుపట్టి పెరట్లో పడి ఉంది. గేదెల్ని అమ్మిన రోజున నేను అన్నం తినలేదు, చాకిరీ చేసే ఓపిక మాత్రం ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

దుప్పట్లూ తువ్వాళ్లూ అంటే నాకు ఇంకో బాధ. నేతచీర పాతబడితే నాలుగు మడతలు వేసి బొంత కుట్టేవాళ్లం. బొంత చిరిగితే మసిగుడ్డ. దుప్పటికి గంజి పెట్టి ఎండలో ఆరేస్తే దానికదే ఇస్త్రీ. ఇవాళ గదికి నాలుగు తువ్వాళ్లు, అవీ తెల్లవే ఉండాలి, ఏ రోజుకారోజు మార్చాలి. ఇంట్లో మనం ఒంటిమీద తువ్వాలు రోజూ మారుస్తామా? మా గదుల్లో రంగు తువ్వాళ్లు, పొందూరు వైపు నుంచి తెప్పించిన నేత దుప్పట్లు. మూడు రోజులకోసారి మారుస్తాం, ముందే అడిగితే రోజూ ఇస్తాం. అడిగేవాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో.

ఇప్పుడు పర్యావరణం పేరు చెప్పి ఎక్కువ డబ్బు తీసుకునే బసలు వస్తున్నాయి. వెదురు బ్రష్షు ఒకటి చక్కటి అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. రెండు రోజులకు ఒక బ్రష్షు. ఎక్కడినుంచో తెచ్చిన వెదురుతో గోడలు కట్టి, చుట్టూ పచ్చిక పెంచి, ఆ పచ్చికకు ఎండాకాలమంతా తాగునీళ్లు చల్లుతారు. కొబ్బరిచెట్లు కొట్టేసి ఈత కొలను తవ్వుతారు, కాలువ పక్కనే. ఇవి చూసి మా అబ్బాయి కూడా కొంచెం మెత్తబడ్డాడు, రేటింగులు తగ్గుతాయని భయం. ప్రభుత్వం హోమ్‌స్టే కింద ఆరు గదుల దాకా ఇవ్వొచ్చంటుంది, మరో రెండు గదులు వేద్దామని వాడి ఆశ. నేను ఒద్దన్నాను. మా నూయి నాలుగు గదులకు ఇస్తుంది. మెట్టతామర తొట్టె నాలుగు గదుల నీళ్లు మోస్తుంది. ఆరుకు చాలదు. ఇంటి శక్తి ఎంతో చూసుకుని చుట్టాల్ని పిలవాలి గానీ, చుట్టాలు ఎంతమందొస్తే అంత నీళ్లు నేలలో ఉంటాయనుకోకూడదు. వాడు రెండు నెలలు ముభావంగా ఉన్నాడు. తరవాత వాడే వచ్చి, “సరేలే అమ్మా, నాలుగే” అన్నాడు.

ఎగువ లాడ్జీ గొట్టం గురించి పంచాయతీలో చెప్పాను, కాగితం రాయించి ఇచ్చాను. చూస్తామన్నారు. లాడ్జీ యజమాని దగ్గరికి నేనే నడిచి వెళ్లాను. కుర్చీ వేసి, బొండాం కొట్టించి ఇచ్చి, “మామ్మగారూ, అందరూ అలాగే వదులుతున్నారండీ” అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అదే నా బాధ. మా మేస్త్రీని పంపిస్తానన్నాను, కొలతలన్నీ ఇస్తానన్నాను. ఇంకా కబురు రాలేదు. జూన్‌లో నీళ్లు వదిలితే ఆ గొట్టం మళ్లీ కనపడకుండా పోతుంది.

మా కోనసీమకు రండి. తప్పకుండా రండి, మీరు రాకపోతే మా ఇళ్లు గడవవు. గది కోసం ఫోన్ చేసినప్పుడు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతారు కదా, వాటితోపాటు ఇంకో రెండు మాటలు అడగండి. తాగే నీళ్లు దేనిలో పెడతారు? మీ మరుగుదొడ్డి గొట్టం ఎక్కడికి పోతుంది? మొదటిదానికి జవాబు సరిగా లేకపోతే ఇంటినుంచి చెంబో, స్టీలు సీసానో తెచ్చుకోండి, సర్దుకోవచ్చు. రెండోదానికి తడబడితే ఆ గది తీసుకోకండి. పదిమంది అలా అడిగి ఫోన్ పెట్టేస్తే, పంచాయతీ చేయలేని పని ఆ పదిమందే చేసినవాళ్లవుతారు.